కర్తాజ్ : సముద్రం మీద ఒక దస్తఖత్ విలువ

హజ్ దరఖాస్తుల రోజులు వచ్చాయంటే మా వీధి మలుపులోని జెరాక్సు దుకాణం ముందు జనం కిటకిటలాడుతారు. పాస్‌పోర్టు నకలు, ఫోటోలు, బ్యాంకు రశీదు, డాక్టరు సర్టిఫికెట్టు. ఒకదాని మీద దస్తఖత్ లేకపోతే ఇంకొకటి చెల్లదు. ఒకనాడు అక్కడే బెంచీ మీద కూర్చున్న ఒక బుజుర్గ్ నవ్వి, "మా నాన్న బొంబాయిలో ఓడెక్కి జిద్దాలో దిగాడు బాబూ, ఈ కాగితాల గోల ఆయనకెక్కడిది?" అన్నారు. తీరా వారింటికి వెళ్ళి పాత ట్రంకు పెట్టె తెరిపించి చూస్తే, అందులో ఆ నాన్నగారి ఓడ టికెట్టూ, టీకాల చీటీ, యాత్రికుని పాసు, వాటి మీద గుండ్రటి ముద్రలూ భద్రంగా ఉన్నాయి. బొంబాయి నుంచి ఓడ మీద హజ్‌కు పోవటం 1995తో ఆగిపోయింది గాని, కాగితం మాత్రం ఓడ కాలంలోనూ ఉంది, విమానం కాలంలోనూ ఉంది.

ఆ పెట్టె చూసినప్పటి నుంచి నాకొక ప్రశ్న పట్టుకుంది. మన దేశం రేవుల్లో ఓడెక్కే మనిషి చేతిలో మొట్టమొదట ఇలాంటి కాగితం పెట్టిందెవరు? దాని మీద ఎవరి దస్తఖత్ ఉండేది? ఆ దస్తఖత్‌ను నమ్మి సముద్రం మీదికి పోయినవారి గతి ఏమయింది? దొరికిన పుస్తకాలు తిరగేస్తే ఆ కథ అయిదు వందల సంవత్సరాల వెనక్కి, బుడతకీచుల కాలానికి తీసుకుపోయింది. ఈ సంచికలో దానిని పాఠక సోదర సోదరీమణుల ముందుంచుతున్నాను.

బుడతకీచులంటే పోర్చుగీసువారు. వారు ఈ కాగితాన్ని 'కర్తాజ్' అన్నారు. ఈ మాట వారి సొంతం కాదు, మన అరబ్బీలోని 'ఖిర్తాస్' నుంచి వచ్చిందని చెబుతారు. ఖిర్తాస్ అంటే కాగితం. ఖురాన్ చదివే ప్రతివారికీ సూరా అన్ఆమ్‌లో ఈ మాట తగులుతుంది. సముద్ర వ్యాపారం చేసే అరబ్బుల నోటి మాటను తీసుకుని, ఆ అరబ్బుల ఓడలకే పగ్గం వేయటానికి వాడుకున్నారన్నమాట!

1498లో వాస్కో డ గామా కాలికట్ చేరేనాటికి హిందూ మహాసముద్రం మీద ఎవరికీ హక్కుపత్రం లేదు. ఓడ దొంగలు లేరని కాదు, ఉన్నారు. రేవుల్లో సుంకాలు లేవని కాదు, గట్టిగానే వసూలు చేసేవారు. కాని సుంకం రేవుకు, నేలకు. నీటి మీద నడిచే ఓడను ఆపి "ఈ నీళ్ళు మావి, మా చీటీ ఏది?" అని అడిగే ఆచారం ఈ తీరాల్లో లేదు. కాలికట్ సామూతిరి రాజు రేవులో అరబ్బు, గుజరాతీ, మాప్పిళ్ళ, తమిళ వర్తకులు పక్కపక్కనే గిడ్డంగులు పెట్టుకుని బేరాలు చేసేవారు. సామూతిరి హిందువు, ఆయన రేవుకు ప్రాణం ముస్లిం వర్తకులు. ఇద్దరికీ ఒకరి అవసరం ఒకరికి బాగా తెలుసు.

గామా రెండోసారి 1502లో వచ్చాడు. ఈసారి బేరానికి కాదు, ఫిరంగులతో వచ్చాడు. కన్ననూరుకు ఉత్తరంగా ఏళిమల కొండ దగ్గర సముద్రంలో మక్కా నుంచి తిరిగి వస్తున్న 'మీరీ' అనే ఓడను పట్టుకున్నాడు. అందులో వందలాది హాజీలు, ఆడవారు, పిల్లలు. సొమ్మంతా దోచుకుని, కొద్దిమంది పిల్లలను మాత్రం దించి, మిగిలిన వారితో సహా ఓడను తగలబెట్టించాడు. తల్లులు చంటిబిడ్డలను పైకెత్తి చూపి వేడుకున్నారని ఆ దండులో ఉన్న పోర్చుగీసువారే వ్రాసి పెట్టారు. ఈ సంగతి వ్రాయటానికి చెయ్యి ఆడటం లేదు గాని, ఇది చెప్పకపోతే తర్వాత వచ్చిన కాగితానికి అర్థం తెలియదు. ఆ మంట చూసిన తీరంలోనే, ఆ సంవత్సరమే, కన్ననూరు, కొచ్చిన్ మొదలైన స్నేహితుల రేవుల ఓడలకు "వీరు మావాళ్ళు, వీరి జోలికి పోవద్దు" అని చీటీలు వ్రాసివ్వటం మొదలయింది. అంటే కర్తాజ్ మొదట రక్షణపత్రంగా పుట్టింది. ఎవరి నుంచి రక్షణ? ఆ పత్రం ఇచ్చినవాడి నుంచే!

1505లో ఫ్రాన్సిస్కో ద అల్మీడా మొదటి వైస్రాయిగా వచ్చి కన్ననూరులో సెయింట్ ఏంజిలో కోట కట్టించాడు. 1510లో గోవా, 1511లో మలక్కా, 1515లో హొర్ముజ్, 1535లో డయ్యూలో కోట. రేవు రేవుకూ కోట లేచినకొద్దీ చీటీ చట్టమయింది. ఆ కాలపు కర్తాజ్‌లో ఏముండేదంటే, ఓడ పేరు, నాఖుదా పేరు, ఓడ ఎంత బరువు మోస్తుంది, ఎన్ని తుపాకులు ఉన్నవి, ఎక్కడ బయలుదేరి ఎక్కడికి పోతుంది అన్నీ వ్రాసేవారు. మిరియాల వంటి సరుకులు వేయరాదు, ఆయుధాలు, ఇనుము, ఓడలకు పనికివచ్చే కలప వేయరాదు, తురుష్క సిపాయిలను ఎక్కించుకోరాదు అని షరతులు. పోయేటప్పుడూ వచ్చేటప్పుడూ బుడతకీచుల రేవులో ఆగి సుంకం కట్టాలి. అడుగున వైస్రాయి గాని, కోట కప్తాను గాని దస్తఖత్ పెట్టి ముద్ర వేసేవాడు. మామూలుగా ఒక ప్రయాణానికే చెల్లుబాటు. చీటీ రుసుము చాలా కొద్ది. అందువల్ల "ఈ నాలుగు డబ్బులకేనా ఇంత గొడవ?" అని ఎవరికైనా అనిపించవచ్చు. అసలు పన్ను చీటీ ఖరీదులో లేదు. దారి మార్చుకుని డయ్యూకో గోవాకో పోయి, అక్కడ సరుకు విప్పి చూపి సుంకం చెల్లించటంలో ఉంది. గుజరాతు వర్తకులకు ఈ లెక్క బాగా తెలుసు. తెలిసీ చాలామంది తీసుకున్నారు. సరుకు పోగొట్టుకోవటం కంటే సుంకం కట్టటం చౌక కదా.

ఇక ఆ దస్తఖత్ విలువ ఎంతో చూద్దాం. అది 1507.

కన్ననూరు కోటకు అప్పటి కప్తాను లూరెన్సు ద బ్రిటో. కన్ననూరు రాజైన కోలత్తిరి బుడతకీచులకు మిత్రుడు. ఆ ఊరి నుంచి బయలుదేరిన ఒక ముస్లిం వర్తకుల ఓడ, పద్ధతి ప్రకారం బ్రిటో దగ్గర కర్తాజ్ తీసుకుని సముద్రం మీదికి పోయింది. దారిలో గొన్సాలో వాజ్ ద గోయిస్ అనే బుడతకీచు ఓడ కప్తాను అడ్డగించాడు. నాఖుదా కాగితం చూపించాడు. వాజ్ దానిని అటూ ఇటూ త్రిప్పి చూసి, "ఇది బ్రిటో దస్తఖత్ కాదు, దొంగ దస్తఖత్" అన్నాడు.

ఒక్క నిమిషం ఇక్కడ ఆగి ఆలోచించండి. నడి సముద్రం. దస్తఖత్ అసలుదా నకిలీదా అని తేల్చటానికి ఎవరున్నారు? పెట్టినవాడు కోటలో ఉన్నాడు. చూసేవాడి చేతిలో ఫిరంగి ఉంది. కాగితం పట్టుకున్న మనిషికి అందులోని భాష తెలియదు, లిపి తెలియదు. సందేహం నిజమే అయితే ఓడను వెంటబెట్టుకుని కన్ననూరు తీసుకుపోయి బ్రిటోనే అడగవచ్చు. వాజ్ ఆ పని చేయలేదు. సరుకు లాక్కున్నాడు, ఓడలోని మనుషులను చంపించాడు. శవాలు తేలి ఒడ్డుకు కొట్టుకువచ్చి తన సంగతి బయటపడకుండా వాటిని తెరచాప గుడ్డలో చుట్టి కుట్టించి నీళ్ళలో పడేయించాడు. ఓడను ముంచివేశాడు.

కాని సముద్రం ఆ రహస్యం దాచలేదు. గుడ్డ కుట్లు విడిపోయి శవాలు కన్ననూరు ఒడ్డుకే చేరినవి. వాటిలో ఒకరిని ఊరివాళ్ళు గుర్తుపట్టారు. ఆ ఊళ్ళో పెద్ద వర్తకుడైన మమ్మాలి ఇంటి మనిషి! ఊరంతా ఏడ్పులతో కోట తలుపుల దగ్గరకు పోయి బ్రిటోను నిలదీసింది. నీ చేతితో పెట్టిన దస్తఖతే గదా, దాన్ని నమ్మే గదా పోయాం అని. బ్రిటో తనకేమీ తెలియదన్నాడు. పాపం, అది నిజమే కావచ్చు. ఆ ప్రయాణానికి ఆ కాగితం ఇచ్చింది తానే అయినా, ఓడను ఆపిన చెయ్యి తనది కాదు గదా. ఊరు వినలేదు. వర్తకులు పోయి రాజుకు మొర పెట్టుకున్నారు. బుడతకీచులతో స్నేహం చేసిన పాత కోలత్తిరి అప్పటికి గతించి, కొత్తవాడు గద్దె మీద ఉన్నాడు. మమ్మాలి వారి దుఃఖాన్ని ఆయన తన దుఃఖంగా తీసుకున్నాడు. సామూతిరి సాయం పంపాడు. నాయర్ యోధులూ, మాప్పిళ్ళలూ ఒకే వరుసలో నిలిచి ఏప్రిల్ నెలలో కోటను చుట్టుముట్టారు.

ఆ ముట్టడి నాలుగు నెలలు సాగింది. కోటకు నీళ్ళిచ్చే బావి గోడకు బయట ఉంది. లోపలివాళ్ళు భూమి క్రింద సొరంగం తవ్వుకుని ఆ బావి నీళ్ళు తెచ్చుకున్నారు. వానాకాలం కావటంతో గోవా నుంచి గాని కొచ్చిన్ నుంచి గాని ఓడ వచ్చే దారి లేదు అనబోయాను, పొరపాటు, అప్పటికి గోవా వారి చేతికి రానేలేదు. ఉన్నది కొచ్చినే. అక్కడి నుంచీ పెద్ద సాయం అందలేదు. తిండి అయిపోయింది. కుక్కలనూ పిల్లులనూ తినవలసిన స్థితి వచ్చినప్పుడు, ఆగస్టు 15న అలలు పెద్ద పెద్ద సముద్రపు రొయ్యలను ఒడ్డున పడవేసినవనీ, వాటితో ప్రాణాలు నిలుపుకున్నారనీ వారి చరిత్రకారులు భక్తితో వ్రాశారు. చివరకు ఆగస్టు 27న ట్రిస్టావో ద కున్యా నౌకాదళం పదకొండు ఓడలతో రావటంతో ముట్టడి విడిపోయింది. కోలత్తిరి సంధి చేసుకున్నాడు. ఒక్క దస్తఖత్ తనది కాదనిపించుకున్నందుకు ఇంత రక్తం! మా మిత్రుల బృందం కేరళ యాత్రకు పోయినప్పుడు ఆ కోట బురుజు మీద నిలబడి చూశాను. ఎర్ర రాతి గోడలు, క్రింద నీలం సముద్రం, పక్కన చేపల పడవలు. గైడు కోట కొలతలు చెప్పాడు, ఫిరంగుల సంగతి చెప్పాడు. తెరచాప గుడ్డ సంగతి చెప్పలేదు.

చదవటం రానివాడి చేతిలో కాగితం ఎంత ప్రమాదమో చెప్పే ముచ్చట ఇంకొకటి మలబారు చరిత్రల్లో ఉంది. కర్తాజ్ కావాలని వచ్చిన ఒక వర్తకుడికి బుడతకీచు అధికారి ఎంతో మర్యాదగా చీటీ వ్రాసి, దస్తఖత్ పెట్టి ఇచ్చాడట. సముద్రం మీద దానిని గర్వంగా చూపిస్తే ఓడ లాక్కున్నారట. తీరా చూస్తే అందులో ఉన్నది, ఈ ఓడవాడు మహా చెడ్డ మూరు, ఎదురుపడిన మొదటి కప్తాను ఇతని ఓడను స్వాధీనం చేసుకోవలసింది అని! తెలియని భాషలో ఉన్న ఫారం మీద వేలిముద్ర వేసి ఇల్లు పోగొట్టుకున్నవారు మన పేటల్లోనూ ఉన్నారు గనుక ఈ ముచ్చటకు నవ్వు రావటం కష్టం.

ఆ రోజుల్లోనే మలబారుకు చెందిన షేక్ జైనుద్దీన్ మఖ్దూమ్ 'తుహ్ఫతుల్ ముజాహిదీన్' అనే అరబ్బీ గ్రంథం వ్రాసి బీజాపూరు సుల్తాను అలీ ఆదిల్ షాకు అంకితమిచ్చాడు. అందులో ఈ చీటీల సంగతీ ఉంది. చిన్న పడవకైనా పెద్ద ఓడకైనా చీటీ తప్పదనీ, ప్రతిదానికీ రుసుము పట్టేవారనీ, ఇది మీ మేలుకే అని నమ్మించారనీ ఆయన వ్రాశాడు. మలబారు ముస్లిముల కష్టాలను కళ్ళతో చూసిన ఒక ఆలిం వ్రాసిన చరిత్ర కావటం వల్ల దాని విలువ చాలా ఎక్కువ. మన పిల్లలకు పాఠంగా చెప్పదగిన పుస్తకం అని నా అభిప్రాయం.

బుడతకీచులు తమ పనికి న్యాయం కూడా చెప్పుకున్నారు. వారి చరిత్రకారుడు జొవావో ద బారోస్ వాదం ఏమిటంటే, సముద్రం అందరిదీ అన్న మాట నిజమే గాని ఆ 'అందరూ' క్రైస్తవులు మాత్రమే. మూరులూ, విగ్రహారాధకులూ ఆ ధర్మం క్రిందికి రారు. పిదప డచ్చివారు వచ్చి 1603లో బుడతకీచుల ఓడ శాంటా కతరీనాను పట్టుకున్నారు. దానిని సమర్థించటానికి హ్యూగో గ్రోషియస్ అనే డచ్చి న్యాయవాది పూనుకున్నాడు. సముద్రం ఎవరి సొత్తూ కాదనే ఆయన ప్రసిద్ధ గ్రంథం 1609లో అచ్చయింది. భేష్ అనుకునేలోపల ఆ డచ్చివారే తమ పాసులు అచ్చువేసి మన ఓడలకు అంటగట్టటం మొదలుపెట్టారు. పుస్తకం ఐరోపా వారికి, పాసు మనకు!

ఇప్పుడు అసలు ముడి దగ్గరకు వద్దాం. వర్తకుడికి కర్తాజ్ సుంకం సమస్య. హాజీకి అది దీన్ సమస్య అయింది. ఎందుకంటే ఆ కాగితం మీద ఈసా, మర్యం బొమ్మల ముద్ర ఉండేది. ఆ ఇద్దరిపై మనకున్న గౌరవం వేరు, బొమ్మ సంగతి వేరు. బొమ్మ ఉన్న చీటీ జేబులో పెట్టుకుని, కాఫిరు అధికారానికి తలవంచి కాబాకు పోవచ్చునా? ఈ ప్రశ్న వీధి అరుగుల మీద కాదు, అక్బర్ పాదుషా దర్బారులో లేచింది.

అక్బర్ 1572-73లో గుజరాతును జయించి సూరత్ రేవును చేజిక్కించుకున్నాడు. మక్కాకు పోయే దారి తన చేతికి వచ్చినట్లే అనుకున్నాడు. నేల తనదే గాని నీరు బుడతకీచులది. హిందూస్తాన్ చక్రవర్తి కూడా వారితో ఒప్పందం చేసుకోవలసి వచ్చింది. దాని ప్రకారం ఏడాదికి ఒక్క పాదుషా ఓడకు సుంకం లేకుండా కర్తాజ్ ఇస్తారు. లక్షల సైన్యం ఉన్న మనిషికి ఏడాదికి ఒక్క ఓడ!

1575లో అక్బర్ మేనత్త గుల్‌బదన్ బేగం, బాబర్ కుమార్తె, అంతఃపుర స్త్రీలను వెంటబెట్టుకుని హజ్‌కు బయలుదేరింది. సూరత్ దాకా రాజలాంఛనాలతో వచ్చింది. అక్కడ దాదాపు ఏడాది ఆగిపోయింది. ఓడలు సిద్ధం, సరుకు సిద్ధం, ఖజానా సిద్ధం. కర్తాజ్ లేదు. దానికోసం దమను వైపునున్న ఒక ఊరిని బేగం బుడతకీచులకు ఇచ్చిందని చెబుతారు. 1576లో ఓడ కదిలింది. ఆమె మక్కాలో మూడేళ్ళకు పైగా ఉండి పలుమార్లు హజ్ చేసి, దారిలో ఏడెన్ దగ్గర ఓడ దెబ్బతిని నానా అవస్థలూ పడి 1582లో ఇల్లు చేరింది. 'హుమాయూన్‌నామా' వ్రాసిన తల్లి ఆమె. తన చిన్ననాటి విషయాలు ఎంతో చక్కగా వ్రాసింది గాని ఆ హజ్ ప్రయాణం గురించి ఆమె చేతి వ్రాత మనకు దక్కలేదు. దక్కి ఉంటే సూరత్‌లోని ఆ ఏడాది గురించి ఏం వ్రాసేదో!

అదే కాలంలో దర్బారులో పెద్ద ఆలిం అయిన మఖ్దూముల్ ముల్క్ అబ్దుల్లా సుల్తాన్‌పురీ ఒక ఫత్వా ఇచ్చాడని చరిత్రకారుడు బదాయూనీ వ్రాశాడు. హిందూస్తాన్ వారికి ఇప్పుడు హజ్ ఫర్జ్ కాదని ఆ ఫత్వా సారం. నేల మీద పోతే ఇరాన్‌లో సఫవీ సిపాయిల చేత అనరాని మాటలు పడాలి. నీటి మీద పోతే ఫిరంగీల బొమ్మల చీటీ పట్టుకోవాలి. రెండు దారులూ మూసుకున్నవి గనుక బాధ్యత తొలగింది అని.

ఈ ఫత్వాను ఏమనాలి? బదాయూనీకి మఖ్దూముల్ ముల్క్ అంటే గిట్టదు. జకాత్ ఎగవేయటానికి ఏడాది చివర ఆస్తిని భార్య పేర వ్రాసి, మళ్ళీ తన పేర వ్రాయించుకునేవాడని కూడా ఆయన మీద బదాయూనీ వ్రాశాడు. కాబట్టి ఆ కలం విసురును కొంచెం తగ్గించుకుని చదవాలి. అయినా ప్రశ్న మాత్రం తేలిక ప్రశ్న కాదు. దారి నిరపాయంగా ఉండటం హజ్ షరతుల్లో ఒకటి. 1502లో హాజీల ఓడ కాలింది. 1507లో దస్తఖత్ ఉన్నా ప్రాణం దక్కలేదు. అటువంటి సముద్రం మీదికి పేదవాడిని పొమ్మని చెప్పే ఆలిం ధైర్యం గొప్పదా, వద్దని చెప్పే ఆలిం జాగ్రత్త గొప్పదా? నా మటుకు నాకు, ఆ చీటీలు పట్టుకునే బయలుదేరిన వేలాది మామూలు హాజీల పక్షాన నిలవాలనిపిస్తుంది. చీటీ మీద బొమ్మ వేసినవాడిది ఆ పాపం, దారి కోసం పట్టుకున్నవాడిది కాదు అనుకుని వారు ఓడెక్కి ఉంటారు. విచిత్రమేమంటే 1579లో అక్బర్‌కు కోపం వచ్చి ఆ మఖ్దూముల్ ముల్క్‌నే మక్కాకు పంపించివేశాడు. ఫర్జ్ కాదన్న ప్రయాణం రాజాజ్ఞ అయి నెత్తిన పడింది! అక్కడి నుంచి తిరిగివచ్చి గుజరాతులోనే ఆయన కన్నుమూశాడు.

కర్తాజ్ పరువు పూర్తిగా పోయింది మాత్రం 1613లో. జహంగీర్ పాదుషా తల్లి మర్యముజ్జమానీ పేర 'రహీమీ' అనే బ్రహ్మాండమైన ఓడ ఉండేది. ఆమె ఆమేర్ రాజపుత్రుల ఆడపడుచు. ఆమె ఓడ ఏటా హాజీలను మోసుకుని ఎర్ర సముద్రానికి పోయి వచ్చేది. మన దేశపు చరిత్రలో ఇట్లాంటి ముచ్చటలు కావలసినన్ని ఉన్నవి, చెప్పేవారే తక్కువ. ఆ సంవత్సరం రహీమీ తిరిగి వస్తూ సూరత్ దగ్గరకు చేరింది. కర్తాజ్ ఉంది, సక్రమంగా ఉంది, దొంగ దస్తఖత్ అనే వంక కూడా లేదు. అయినా బుడతకీచులు ఓడను పట్టుకుని, వందలాది ప్రయాణికులతో సహా గోవాకు లాక్కుపోయారు. కారణం, మొగలులు ఇంగ్లీషువారికి సూరత్‌లో చోటిస్తున్నారని అక్కసు. మర్యం బొమ్మ ముద్రవేసిన కాగితం మర్యముజ్జమానీ ఓడను కాపాడలేకపోయింది!

జహంగీర్ మాములుగా తొందరపడే మనిషి కాదు. తల్లి ఓడ పోయేసరికి ఊరుకోలేదు. సూరత్‌లో బుడతకీచుల వ్యాపారం ఆపించాడు, దమను మీదికి సైన్యం పంపాడు, ఆగ్రాలో వారి పాదిరీల చర్చి మూయించాడు. 1615లో రాజీ కుదిరింది గాని అప్పటికే వారి చీటీ మీద నమ్మకం చెడింది. ఆ సందు చూసుకుని ఇంగ్లీషువారు నిలద్రొక్కుకున్నారు. ఒక ఓడను పట్టుకుని బుడతకీచులు పోగొట్టుకున్నది ఎంతో లెక్క కట్టటం కష్టం.

మన తెలుగు తీరం సంగతి అడుగుతారేమో. గోల్కొండ సుల్తానుల రేవు మన బందరు. 16వ శతాబ్దం చివరి పాతికేళ్ళలో బందరు నుంచి నేరుగా ఎర్ర సముద్రానికి ఓడలు పోవటం మొదలయింది. కలంకారీ అద్దకాలు, నూలు బట్టలు, వాటితోపాటు హాజీలు. వారికీ ఈ చీటీల బెడద తప్పలేదు. మొదట బుడతకీచుల చీటీ, తర్వాత డచ్చివారిది, ఆ తర్వాత ఇంగ్లీషువారిది. డచ్చివారు 17వ శతాబ్దం మొదట్లో బందరులో దిగారు, ఇంగ్లీషువారు 1611లో. ఊళ్ళో వలందపాలెం, ఇంగ్లీషుపాలెం, పరాసుపేట అని ఇప్పటికీ పిలిచే పేటలు ఆ పాసులిచ్చిన దొరల గుర్తులే. అయితే ఈ బంగాళాఖాతంలో బుడతకీచుల పట్టు పడమటి తీరంలో ఉన్నంత లేదు. చీటీ లేకుండా పెగూకూ, ఆచేకూ పోయివచ్చిన ఓడలు ఎన్నో. ఆచే సుల్తానులైతే మిరియాలను మాల్దీవుల మీదుగా నేరుగా ఎర్ర సముద్రానికి పంపి బుడతకీచుల కళ్ళలో దుమ్ము కొట్టారు. ఎంత దస్తఖత్ పెట్టినా సముద్రమంతటికీ కాపలా కాయటానికి వారికి ఓడలేవి? పైగా లంచం పుచ్చుకుని చూసీ చూడనట్లుండే కప్తానులకూ కొదవ లేదు.

కథ తిరగబడిన ఘట్టం ఒకటి చెప్పాలి. 1695లో హెన్రీ ఎవెరీ అనే ఇంగ్లీషు ఓడదొంగ ఔరంగజేబు పాదుషా ఓడ 'గంజె సవాయీ'ని దోచాడు. అదీ హాజీలతో తిరిగివస్తున్న ఓడే. ఆడవారి పట్ల వాడి మనుషులు చేసిన అఘాయిత్యం వ్రాయదగింది కాదు. ఔరంగజేబు సూరత్‌లోని ఇంగ్లీషువారిని ఖైదు చేయించాడు, వారి వ్యాపారం బందు చేయించాడు. అటుతర్వాత మూడు నాలుగేళ్ళకు ఇంగ్లీషు, డచ్చి, ఫ్రెంచి కంపెనీల చేత ముచ్చలికాలు వ్రాయించుకున్నారు. హాజీల ఓడలకు సముద్రం మీద కాపలా రావాలి, దోపిడీ జరిగితే నష్టం తామే భరించాలి అని. ముచ్చలికా అంటే మన కచేరీల్లో ఈనాటికీ వాడే మాటే. దాదాపు రెండు వందల సంవత్సరాలు మనవాళ్ళ చేతుల్లో చీటీలు పెట్టినవారు, ఆనాడు మన కచేరీలో నిలబడి తామే దస్తఖత్‌లు పెట్టారు. ఆ దస్తఖత్‌లను వారు ఎంతవరకు నిలుపుకున్నారనేది వేరే వ్యాసం.

ఇక కన్ననూరు కోట. 1663లో డచ్చివారు దానిని బుడతకీచుల దగ్గర నుంచి పట్టుకున్నారు. నూరేళ్ళ పైచిలుకు ఉంచుకుని, ఖర్చు గిట్టక, 1772లో అమ్మకానికి పెట్టారు. కొన్నది కన్ననూరు ముస్లిం పాలకుడు, అరక్కల్ అలీ రాజా. బ్రిటో ఏ గోడల మధ్య కూర్చుని ఆ కర్తాజ్ మీద దస్తఖత్ పెట్టాడో, ఆ గోడలు 1790లో ఇంగ్లీషువారు వచ్చేదాకా పద్దెనిమిదేళ్ళు ఆ ఊరివారి చేతిలో ఉన్నవి.